నిచ్చెనల జాడీ అడుగున చైనా అక్షరాలున్నాయి. ఎన్నేళ్ళది అయ్యుంటుంది?

కాకినాడ కాజా (శనివారం, రాత్రి 9:40)
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. మా నాయనమ్మ వంటింట్లో అటక మీద ఒక పింగాణీ జాడీ ఉంది. జానెడు పైన ఎత్తు, ఉబ్బిన పొట్ట, తెలుపు మీద నీలం. ఒళ్ళంతా తీగలూ పువ్వులూ, వాటి మధ్య అక్కడక్కడా ఒకటే అక్షరం. రెండు నిచ్చెనలు పక్కపక్కన నిలబెట్టినట్టుంటుంది. అందుకే ఇంట్లో దాన్ని నిచ్చెనల జాడీ అంటాం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అందులో మెంతులే ఉన్నాయి. పింగాణీ మూత లేదు, చెక్క మూత ఉంది.

మా ముత్తాత రంగూన్ రేవులో పనిచేసి తిరిగొచ్చేటప్పుడు తెచ్చాడట. మొన్న పాతసామాన్లు కొనే ఆయన ఒకాయన చూసి రెండు వేలిస్తానన్నాడు. నాయనమ్మ నవ్వి పంపేసింది. మర్నాడు పొద్దున్నే ఎనిమిది వేలు పట్టుకొచ్చాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. అడుగున నీలం రంగుతో రెండు వలయాలు, వాటి లోపల నాలుగు అక్షరాలు ఉన్నాయి. ఫొటోలు పెడుతున్నాను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాత బంగారం (10:05)
బ్రో, కంగ్రాట్స్! యాప్‌లో పెట్టి చూశాను. ఆ నాలుగు అక్షరాలు "కాంగ్‌షీ నియెన్ జీ", అంటే కాంగ్‌షీ కాలంలో చేసినది అని. కాంగ్‌షీ చక్రవర్తి 1662 నుంచి 1722 దాకా ఏలాడు. మూడొందల ఏళ్ళు! అమెరికాలో కనెక్టికట్‌లో ఒకాయన పాతసామాన్ల అమ్మకంలో 35 డాలర్లకి కొన్న గిన్నె చైనాలో మింగ్ వంశం కాలానిదని తేలి 2021లో ఏడు లక్షల డాలర్ల పైన పలికింది. ఎనిమిది వేలకి ఇచ్చేయకండి.

మిడత (10:09)
ముందు మెంతులు డబ్బాలోకి మార్చండి సార్.

తూర్పుగాలి (11:30)
కాజా గారూ, నేను సింగపూర్‌లో ఉంటాను. ఇరవై ఏళ్ళుగా నీలం తెలుపు పింగాణీ కొంటున్నాను, మోసపోయాను, మళ్ళీ కొంటున్నాను. మీ జాడీ బాగుంది. కానీ పాత బంగారం గారు చెప్పిన లెక్క దానికి పట్టదు. చైనా పింగాణీకి వయసు కట్టేటప్పుడు అడుగున రాసిన పేరు అన్నిటికన్నా చివర చూడాల్సినది.

ఆ నాలుగు అక్షరాలు కుడి పక్క పైనుంచి కిందికి, తర్వాత ఎడమ పక్క పైనుంచి కిందికి చదవాలి. యాప్ సరిగ్గానే చదివింది. అయితే వెనకటి చక్రవర్తి పేరు రాయడం చైనాలో పాత అలవాటు. కాంగ్‌షీ కాలంలోనే మింగ్ చక్రవర్తి చెంగ్‌హ్వా (1465-1487) పేరు రాసేవాళ్ళు. కొన్ని మోసానికే రాశారు. చాలావాటి మీద మాత్రం పెద్దల పట్ల గౌరవంతో, "ఆ పాతకాలం పనితనం ఇది" అని చెప్పుకోవడానికి రాశారు. ఇక కాంగ్‌షీ పేరుని అందరికన్నా ఎక్కువగా వాడుకున్నది ఆయనకి ఎన్నో తరాల తర్వాతి వారసుల కాలం. 1875-1908 మధ్య, అంటే గ్వాంగ్‌షూ చక్రవర్తి రోజుల్లో, కాంగ్‌షీ నాటి నీలం తెలుపు మీద మోజు బాగా పెరిగింది. వలయాల్లో నాలుగక్షరాలు రాసిన అల్లం జాడీలు యూరప్‌కి ఓడలకొద్దీ వెళ్ళాయి.

ఇంకో సంగతి ఉంది. అసలు కాంగ్‌షీ కాలంలోనే 1677లో జింగ్‌దెజెన్ (పింగాణీ బట్టీల ఊరు) అధికారి ఒకాయన చక్రవర్తి పేరు గిన్నెల మీద రాయొద్దన్నాడు, పగిలిపోతే అపచారం అని. అందుకే ఆ రోజుల సరుకులో చాలావాటికి అడుగున ఖాళీ వలయాలే ఉంటాయి, లేకపోతే ఒక ఆకు బొమ్మో, పువ్వో వేసుంటుంది. పేరు లేని జాడీయే నిజంగా కాంగ్‌షీది అయ్యే అవకాశం ఎక్కువన్నమాట!

పాత బంగారం (11:48)
అంటే అడుగున రాసింది అబద్ధమా? మరి దేన్ని నమ్మాలి మేడమ్?

తూర్పుగాలి (11:55)
కాకినాడ కాజా అని బోర్డు పెట్టిన ప్రతి కొట్టూ కాకినాడలో ఉందా అండీ? అలాంటిదే ఇదీ.

ఆ నిచ్చెనల సంగతి చెప్తాను. అది నిచ్చెన కాదు, "షీ" అనే అక్షరం, ఆనందం అని అర్థం. పక్కపక్కన రెండు రాస్తే జంట ఆనందం. చైనా వాళ్ళ పెళ్ళి గుర్తు. పెళ్ళిళ్ళలో ఎర్ర కాగితం మీద కత్తిరించి తలుపులకి అంటిస్తారు, ఇక్కడ మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మీద కూడా అంటించారు. ఈ గుర్తున్న జాడీలు పంతొమ్మిదో శతాబ్దంలో లెక్కలేనన్ని చేశారు. పెళ్ళికి ఇచ్చేవాళ్ళు, తియ్యటి అల్లం పోసి అమ్మేవాళ్ళు. మలయా, బర్మా, జావాల్లో చైనా వాళ్ళు ఎక్కడ దుకాణం పెడితే అక్కడికల్లా చేరాయి. కాబట్టి రంగూన్ కథ నమ్మదగ్గదే.

కుమ్మరిసారె (ఆదివారం, ఉదయం 6:20)
నేను మట్టి మనిషిని. ఫైన్ ఆర్ట్స్‌లో సెరామిక్స్ చదివి, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. కాజా గారూ, ఒక పని చెయ్యండి. చెయ్యి కడుక్కుని, ఉంగరాలు తీసేసి, జాడీ లోపలికి పెట్టి గోడల్ని కిందనుంచి పైకి మెల్లగా తడమండి. సరిగ్గా పొట్ట ఉబ్బిన చోట చుట్టూ సన్నని గట్టులాంటిది తగులుతోందా? సారె తిరిగిన చారలు వేళ్ళకి తెలుస్తున్నాయా? ఆ తర్వాత దాన్ని పరుపు మీద బోర్లించండి. గచ్చు మీద వద్దు. అడుగున గుండ్రంగా లేచిన కట్టు ఉంటుంది. దాన్ని మేం కాలు అంటాం. దాని అంచుకి గ్లేజు, అంటే అద్దంలాంటి పూత ఉండదు. ఆ అంచుని పగటి వెలుగులో దగ్గరగా ఫొటో తియ్యండి.

ఎందుకడుగుతున్నానంటే, పెద్ద జాడీలు సారె మీద ఒకే ముద్దతో లాగరు. కింద సగం, పై సగం విడిగా చేసి, తడి మట్టితో అతికిస్తారు. ఆ అతుకు బయట నునుపుగా గీకేసినా లోపల మిగిలిపోతుంది. ఇప్పటి ఫ్యాక్టరీ సరుకైతే పల్చని మట్టి ద్రవాన్ని అచ్చులో పోసి తీస్తారు. లోపల అద్దంలా నునుపుగా ఉంటుంది. బయట ఏ ఎత్తుపల్లాలుంటే లోపలా అవే వస్తాయి.

కాకినాడ కాజా (8:15)
గట్టు తగిలిందండీ! మోకాలి చిప్ప మీద పాత కుట్టు తడిమినట్టుంది. చారలు కూడా ఉన్నాయి, సమానంగా లేవు. ఒక చోట బొటనవేలు నొక్కినట్టు చిన్న పల్లం. మెంతులు తియ్యడానికి నాయనమ్మ ఒప్పుకోవడానికే గంట పట్టింది.

కాలు ఫొటో పెట్టాను. అంచు తెల్లగా ఉంది, గ్లేజు ఆగిన చోట సన్నగా నారింజ రంగు గీత. నాలుగైదు ఇసక రేణువులు అతుక్కుని ఉన్నాయి, గోటికి రావడం లేదు.

కుమ్మరిసారె (8:40)
నారింజ గీత మట్టిలో ఉన్న కాస్త ఇనుము వల్ల. బట్టీ చల్లారేటప్పుడు గాలి తగిలి ఎర్రబడుతుంది. ఇసక మీద నిలబెట్టి కాలిస్తే రేణువులు అంటుకుంటాయి. పింగాణీ కాలడానికి ఇంచుమించు 1300 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడిలో గ్లేజు జిగురులా కారుతుంది. గోటికి రాలేదంటే బట్టీలోనే అంటుకున్నవి. ఇది చేత్తో చేసిందే. అంతవరకు నేను పూచీ. వయసు సంగతి తూర్పుగాలి గారు చెప్పాలి.

మాటల్లో మాట. మనం పచ్చళ్ళు పెట్టుకునే గోధుమరంగు, మీగడరంగు జాడీలని కూడా పింగాణీ అనేస్తాం గానీ అవి పింగాణీ కావు, వేరే రకం గట్టి మట్టి. నిజమైన పింగాణీలో రెండు దినుసులు పడాలి. ఒకటి కయోలిన్ అనే తెల్ల మట్టి. జింగ్‌దెజెన్ దగ్గర గావ్‌లింగ్ అనే ఊరు ఉంది, దాని పేరే ఈ మట్టికి వచ్చింది. రెండోది దంచిన ఒకరకం రాయి. చైనా కుమ్మర్లు మట్టిని ఎముక అనీ, రాతిని కండ అనీ అంటారు. జాడీ నోట్లో సెల్‌ఫోన్ టార్చి పెట్టి చీకట్లో చూడండి. గోడ పల్చగా ఉన్న చోట వెలుగు ఇవతలికి కనిపిస్తుంది. పచ్చడి జాడీలో ఎంత టార్చి వేసినా కనిపించదు.

చార్మినార్ చాయ్ (12:30)
అన్నా, మా నానీ దగ్గర ఆకుపచ్చ పళ్ళెం ఒకటుండేది. అందులో విషం కలిపిన కూర పెడితే పళ్ళెం పగిలిపోతుందని చెప్పేది. నవాబుల ఇళ్ళల్లో వాడేవాళ్ళట. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ రకం పళ్ళేలు చూసి, చిన్నప్పుడు నిజంగానే నమ్మిన.

కుమ్మరిసారె (12:41)
సెలడాన్ అంటారు దాన్ని. చైనాలో జెజియాంగ్‌లోని లాంగ్‌చ్యువాన్ బట్టీలు దానికి పేరుమోసినవి. గ్లేజులో కొంచెం ఇనుము, బట్టీలో గాలి తక్కువ. ఆకుపచ్చ రంగు అలా వస్తుంది. విషం నమ్మకం మొఘలుల కాలంలో, దక్కన్‌లో గట్టిగానే ఉండేది. కెమిస్ట్రీ ప్రకారం అందులో ఏమీ లేదు. మీ నానీని ఎవరూ పరీక్షించలేదు కదా, సంతోషం.

చార్మినార్ చాయ్ (12:44)
😂 పరీక్షించే ధైర్యం ఎవడికుందన్నా.

తూర్పుగాలి (ఆదివారం, రాత్రి 8:10)
ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. ఇప్పుడు నీలం సంగతి.

కాంగ్‌షీ కాలపు మంచి పనిలో నీలం ఒకే రంగుగా ఉండదు. నీలం రంగునిచ్చే కోబాల్ట్‌ని నీళ్ళల్లో ఎక్కువ తక్కువ కలుపుకుని నాలుగైదు ఛాయలు తెచ్చేవాళ్ళు. ఒక కొండ దగ్గర ముదురుగా మొదలై దూరానికి పోయేకొద్దీ పలచబడుతుంది. మీ జాడీలో ఆకులు చూడండి. ముందు గీత గీసి, లోపల ఒకే ఛాయ నింపేశారు. చాలాచోట్ల రంగు గీత దాటి బయటికొచ్చింది. చెయ్యి తిరిగిన పనివాడే, కానీ తొందరలో ఉన్నాడు. ఒక అక్షరం దగ్గర చోటు చాలక పక్క తీగని సగంలో ఆపేశాడు. నాకు మీ జాడీలో అన్నిటికన్నా నచ్చింది అదే. స్టిక్కరు ప్రింటుకి చోటు చాలకపోవడం ఉండదు.

నీలంలో కొంచెం ఊదా తొంగిచూస్తోంది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి విదేశాల్లో ఫ్యాక్టరీల్లో తయారైన కోబాల్ట్ చైనాకి రావడం మొదలైంది. అది గనిలో తీసిన కోబాల్ట్ కంటే శుభ్రం, కంటికి మాత్రం కాస్త ఘాటు. ఫొటోలో రంగు నమ్మకూడదు కాబట్టి దీన్ని సగం సాక్ష్యంగానే తీసుకోండి.

కాలు అంచు కూడా చెప్తుంది. కాంగ్‌షీ కాలంలోనూ, ఆ తర్వాతా మంచి పనిలో కాలుని గుండ్రంగా, నున్నగా దిద్దేవాళ్ళు. చైనా వాళ్ళు దాన్ని బురదచేప వీపు అంటారు. మీది రెండు వైపులా కత్తితో చెక్కి వదిలేసినట్టుంది, దిద్దే ఓపిక చూపలేదు.

నా మాట: చైనాదే, చేత్తో చేసిందే, కాంగ్‌షీది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగం లేదా ఇరవయ్యో శతాబ్దం మొదటి ఇరవై ఏళ్ళు. ఇంకా దగ్గరగా చెప్పాలంటే జాడీ ఒక్కటే చాలదు, మీ ఇంటి కథ కావాలి.

పాత బంగారం (8:32)
మా అమ్మమ్మ వాళ్ళింట్లో కూడా నీలం పళ్ళెం ఉంది. దాని వెనక సూదితో గుచ్చినట్టు మూడు చిన్న మచ్చలున్నాయి. అదీ తొందర పనేనా?

తూర్పుగాలి (8:50)
కాలు లోపలి వైపు, గ్లేజు మీద మూడో, ఐదో చుక్కలా? అయితే మీది జపాన్ పళ్ళెం అయ్యుండొచ్చు. బట్టీలో పళ్ళెం నడుం వంగకుండా జపాన్‌లో అరీటా అనే ఊరి కుమ్మర్లు చిన్న మట్టి శంకువుల మీద నిలబెట్టేవాళ్ళు. ఊడదీసినప్పుడు ఆ మచ్చలు ఉండిపోతాయి. చైనాలో ఆ పద్ధతి ఈ రకం సరుకులో కనపడదు. మింగ్ వంశం 1644లో కూలాక చైనాలో యుద్ధాలు, రేవులు మూతబడటం. ఆ నలభై ఏళ్ళు డచ్చి వర్తకులు అరీటాకి పోయారు. అందుకే రెండు దేశాల సరుకూ అక్కాచెల్లెళ్ళలా ఉంటుంది. వెనక ఇంగ్లీషులో చైనా అనో జపాన్ అనో రాసుంటే మాత్రం సులువు. అమెరికా 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలంది. ఆ మాట ఉంటే అంతకుముందుది అయ్యే అవకాశం చాలా తక్కువ. లేకపోతే పాతదే అని మాత్రం అనుకోకండి, మిగతా దేశాలకి పంపిన వాటి మీద రాయనక్కర్లేదు కదా.

చార్మినార్ చాయ్ (సోమవారం, ఉదయం 10:15)
అక్కా, నా కథ కూడా విను. రెండేళ్ళ కింద హాంకాంగ్ పోయినప్పుడు వీధి మార్కెట్‌లో ఒక గిన్నె కొన్నా. అడుగున చదరపు ముద్రలో చ్యెన్‌లుంగ్ అనే చైనా చక్రవర్తి పేరు, అంచుల్లో పాత మురికి. మన పదహారు వేలు అయినయ్. ఇంటికొచ్చి వేడినీళ్ళల్లో పెడితే మురికి టీ పొడి లెక్క కారిపోయింది. 😭

తూర్పుగాలి (10:40)
నేనూ అలాంటివి మూడు కొన్నాను తమ్ముడూ, ఒకదాంట్లో ఇప్పుడు తులసి మొక్క ఉంది. ఇకమీద ఎప్పుడైనా కొనబోతే పది రెట్లు చూపించే చిన్న భూతద్దం జేబులో పెట్టుకో. నిజంగా వాడిన గిన్నెలో గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, చెంచా తగిలే చోట ఎక్కువ, అంచు పక్కన తక్కువ. గరుకు కాగితంతో రుద్దిన దాంట్లో అన్నీ ఒకే దిక్కుకి పోతాయి. యాసిడ్‌తో మెరుపు తీస్తే గ్లేజు అంతా ఒకేలా మసకగా ఉంటుంది, ముట్టుకుంటే సబ్బు ఎండినట్టు. నీలం గీతల్లో పేపర్ ఫొటోలోలాగ చుక్కలు కనిపిస్తే ప్రింటు, ఇంక చూడక్కర్లేదు. విరిగి అతికించినవి యూవీ టార్చి వేస్తే బయటపడతాయి, కొత్త రంగు, జిగురు వేరేగా మెరుస్తాయి.

2014లో చెంగ్‌హ్వా కాలపు కోళ్ళ బొమ్మల కప్పు ఒకటి హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకి పోయింది. అరచేతిలో ఇమిడే కప్పు, ఎనిమిది సెంటీమీటర్ల అడ్డకొలత. కొన్నాయన అందులో టీ పోసుకుని తాగి ఫొటో దిగాడు. ఆ తర్వాత నుంచి ఇక్కడ ఏ వీధిలో చూసినా కోళ్ళ కప్పులే!

మిడత (10:52)
మా ఇంట్లో కోడి ఉంది, కప్పు ఉంది. కలిపి ఎంతకి పోతాయి?

కాకినాడ కాజా (సోమవారం, రాత్రి 9:05)
అందరికీ థాంక్స్. మూడొందల ఏళ్ళు కాదన్నందుకు కొంచెం బాధేసింది, నిజం చెప్పాలిగా. ఇంకో టెన్షన్ మొదలైంది. డాలస్‌లో ఉన్న మా చెల్లి సంక్రాంతికి వస్తోంది. జాడీ తనకి కావాలంటోంది. బట్టల మధ్య పెట్టి తీసుకెళ్తానంటోంది.

రూల్ బుక్ (9:30)
ఆగండి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ఉంది. వందేళ్ళు నిండిన కళావస్తువు పురావస్తువు కింద వస్తుంది. రాతప్రతులకైతే 75 ఏళ్ళు. అలాంటిది మామూలు మనుషులు దేశం దాటించకూడదు. చైనాలో చేసిందా మన దగ్గర చేసిందా అన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. ఇంట్లో ఉంచుకోవచ్చు, వాడుకోవచ్చు. అనుమానం ఉన్న వస్తువుని పురావస్తు శాఖ వాళ్ళకి చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవాలి. కస్టమ్స్‌లో పట్టుకున్నాక "మా నాయనమ్మదండీ" అంటే కుదరదు. ఇక్కడ చిక్కు ఏమిటంటే, తూర్పుగాలి గారు చెప్పిన లెక్కలో ఇది వందేళ్ళ గీత దాటేసినట్టే ఉంది.

తూర్పుగాలి (9:48)
అందుకే ఇంటి కథ అడిగాను. ముత్తాత గారు ఏ ఏడాది తిరిగొచ్చారో నాయనమ్మ గారికి గుర్తుందా? ఏదైనా కాగితం? రంగూన్ రేవులో మన తెలుగు కూలీలని కోరంగీలు అనేవాళ్ళు, మీ పక్కనున్న కోరంగి పేరు మీదే. 1930 మే నెలలో రేవులో పెద్ద అల్లర్లు జరిగాయి, చాలామంది దెబ్బతిన్నారు.

కాకినాడ కాజా (మంగళవారం, మధ్యాహ్నం 2:20)
నాయనమ్మని కూర్చోబెట్టి అడిగాను. "మా మామగారు గొడవల తర్వాత ఓడెక్కేశార్ట. ఒంటి మీద చొక్కా, చేతిలో ఈ జాడీ. దారిలో మూత పగిలిందని మా అత్తగారు ఇల్లు కట్టిన వడ్రంగి చేతే ఇది చేయించింది" అంది. ఏ ఏడాది అంటే, "నాకేం తెలుసు, నేను కాపరానికి వచ్చేసరికే మెంతులున్నాయి" అంది.

ఆ మాట విని మూత తిప్పి చూశాను. ఇన్నేళ్ళలో ఎవరూ తిప్పలేదేమో, నూనె జిడ్డు నల్లగా పేరుకుంది. గుడ్డతో తుడిచాను. ఉలితో చెక్కినట్టు "కో. అ." అని, దాని కింద 1931 అని ఉంది. మా ముత్తాత ఇంటిపేరు, పేరుల మొదటి అక్షరాలు. ఇంట్లో ఇత్తడి బిందెల మీద కూడా అలాగే ఉంది. ఫొటో పెడుతున్నాను. చెయ్యి వణికి రెండోది కాస్త కదిలింది.

కుమ్మరిసారె (2:31)
ఆహా! "ఒకటి" అంకెలో ఉలి జారింది చూశారా.

తూర్పుగాలి (2:50)
నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అడుగున పెద్ద అక్షరాలతో రాసింది నమ్మడానికి లేదు, మూత లోపల మీ ఊరి వడ్రంగి చెక్కింది నమ్మొచ్చు. 1931 నాటికి మూత పోయి ఉంది. అంటే జాడీ 1931 తర్వాతది కాదు. ఆయన కొత్తది కొన్నారో, ఏ దుకాణంలోనో తియ్యటి అల్లం ఖాళీ అయ్యాక చవగ్గా తెచ్చుకున్నారో మనకి తెలీదు. గ్వాంగ్‌షూ కాలానిదనే నా మొగ్గు, పక్కా సంతకం మాత్రం పెట్టను. మూతని జాడీ నుంచి వేరు చెయ్యొద్దని నా సలహా. ఈ రకం జాడీలు నేను వందల్లో చూశాను, ఇలాంటి మూత ఒక్కటీ చూళ్ళేదు.

ఇంకోటి, నోటి దగ్గర సన్నటి పగులు గీత కనిపిస్తోంది. ఉప్పు, చింతపండు, పచ్చళ్ళు వద్దు. ఉప్పు ఆ గీతలోకి దిగి లోపల గడ్డకడితే పగులు పెరుగుతుంది. బ్లీచింగ్ వద్దు, డిష్‌వాషర్ అసలే వద్దు. మెంతులు భేషుగ్గా ఉంటాయి.

పాత బంగారం (3:15)
ఎనిమిది వేలాయన మళ్ళీ వచ్చాడా?

కాకినాడ కాజా (మంగళవారం, రాత్రి 8:00)
వచ్చాడు. పన్నెండన్నాడు. నాయనమ్మ మూత తిప్పి ఆయన మొహం ముందు పెట్టి, "ఇది మా మామగారు" అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మెంతులు మళ్ళీ అందులోనే పోసేశాం.

చెల్లికి అన్నీ చెప్పాను. జాడీ నువ్వే ఉంచుకో, మూత మాత్రం నాకివ్వు అంటోంది.

రూల్ బుక్ (8:12)
మూత మీద 1931 ఉందన్నారుగా. దానికింకా వందేళ్ళు నిండలేదు. కస్టమ్స్ వైపు నుంచి అడ్డేమీ లేదు.

తూర్పుగాలి (8:14)
రూల్ బుక్ గారూ, మీరు కాసేపు ఊరుకోండి.